మీట వదిలిన వేలు

ఇరవై రెండేళ్ళు తీర రేడియోలో కూర్చున్నాను,
పొగమంచులో దారి తప్పిన పడవల గొంతులు వింటూ.
ఆ గదిలో చట్టం ఒక్కటే:
మీట నొక్కి నువ్వు మాట్లాడుతున్నంతసేపూ
అవతలి మనిషి మునిగిపోతున్నా నీకు వినపడదు.

ఆ ఉద్యోగాన్ని యంత్రం తీసుకుంది.
ఇప్పుడు క్లాక్స్‌విక్ రేవు మీద, వలల కొట్టు పై అంతస్తులో
రెండు కుర్చీలు, ఒక కెటిల్, ఒక గోడ గడియారం.
తలుపు మీద కోచ్ అని రాసుంది.
ఏ ఆటకని మా అన్న ఇప్పటికీ అడుగుతాడు.

రన్వా వచ్చింది చేపల ఫ్యాక్టరీ నుంచి,
కోత వరసకి కొత్త సూపర్వైజరు.
ఆరు గంటలకి కంపెనీ డబ్బు కట్టింది.
పేర్లు మార్చాను. కత్తిని మార్చలేదు.

"ఈ గంటయ్యేసరికి నీ చేతిలో ఏముండాలి?"
"టైము," అంది. "షిఫ్టు ఐపోయినా ఇల్లు చేరలేకపోతున్నాను."

టైమా! నా దగ్గర లేనిదా?
పట్టికలు తీశాను, నాలుగు గళ్ళు గీశాను,
ముఖ్యమైనవి ఇటు, తొందరవి అటు.
ఒక్కోదానికీ అవునంది,
మా దీవుల్లో అనే తీరున, ఊపిరి లోపలికి లాక్కుంటూ,
మాటని బయటికి పంపకుండా మింగేసినట్టు.

రెండో గంటా అంతే.
నేను చెప్పడం, ఆమె మింగడం.
ఆ రాత్రి పక్క మీద లెక్కపెడితే
పద్నాలుగు అవునులు, ఒక్కటీ బయటికి రాలేదు.
నా వేలు మీట మీదే ఉండిపోయిందని అప్పుడు తెలిసింది.

మూడో గంట
పట్టికలు సొరుగులో పెట్టి తాళమేశాను.
"షిఫ్టు గంట మోగాక ఏం జరుగుతుందో చెప్పు."
"ఏముంటుంది. కొంచెం పని మిగుల్తుంది."
"కొంచెం," అన్నాను, ఆమె మాటే ఆమె ముందు పెట్టి.

ఇక ఊరుకున్నాను.
ఊరుకోవడమంటే తేలికా?
నాలుక కింద మూడు సలహాలు
గాలానికి పడ్డ చేపల్లా కొట్టుకుంటున్నాయి.
కెటిల్ చల్లారింది.
ఎదుటి దీవి పడవ వచ్చి, మనుషుల్ని దింపి, మళ్ళీ వెళ్ళింది.
రేడియో గరగరలోనూ ఇంతే,
నిశ్శబ్దాలు రెండు రకాలు:
ఎవరూ లేనిది ఒకటి,
ఎవరో మాట కోసం వెతుక్కుంటున్నది ఒకటి.
ఆమె బొటనవేలు చూపుడు వేలి మీద
లేని కత్తి అంచుని పరీక్షిస్తోంది.

"యోవాన్నెస్," అంది చివరికి.
"నాకు కత్తి పట్టడం నేర్పినవాడు.
ముప్పై ఒక్కేళ్ళు అదే బల్ల దగ్గర.
ఇప్పుడు చెయ్యి వణుకుతోంది. ముళ్ళు మిగిలిపోతున్నాయి.
అందరూ వెళ్ళాక అతని పెట్టెలు నేను మళ్ళీ కోస్తున్నాను,
ఆఫీసు కంట పడకుండా."

డాక్టరుకి చూపించు. వేరే పనిలో పెట్టించు. పైవాళ్ళకి చెప్పెయ్.
మూడూ మంచి సలహాలే. మూడూ నావి.
గుటక వేశాను.
"అతనికి తెలుసా?"

ఆమె కిటికీ వైపు తిరిగింది.
"రోజూ పొద్దున్నే," అంది,
"నా బల్ల మీద నా కత్తి సానబెట్టి ఉంటుంది.
ఎవరు పెడుతున్నారో నేనెప్పుడూ..."
ఆగింది.
"ఆఁ. తెలుసు."
ఈసారి ఊపిరి బయటికొచ్చింది.

ఏం చేస్తావని అడిగాను.
రేపు కాఫీ వేళ అతని పక్కన కూర్చుంటానంది.
కూర్చుని ఏమంటావని అడగబోయి మానేశాను.
అది ఆమె కాఫీ.

శుక్రవారం కంపెనీ ఫారం వచ్చింది:
టైము అదుపులోకి వచ్చిందా? ఏ సాధనాలు వాడారు?
రెండో గడి ముందు చాలాసేపు కూర్చుని
ఖాళీగానే పంపించాను.

ఆ సాయంత్రమే అన్న ఫోన్ చేశాడు,
ఇంటి కప్పు కారుతోందట.
మాట పూర్తి కాకముందే అందుకున్నాను:
పైన పచ్చిక పీకెయ్, తారు పొయ్యి, ముందా మేస్త్రీని మార్చు.
నలభై నిమిషాలు.
అవతల అన్న
ఊపిరి లోపలికి లాక్కుంటూ
అవును, అవును, అంటూనే ఉన్నాడు.